ఇరుకు దారిన వచ్చే బొమ్మలు

బెంగళూరు సుల్తాన్‌పేటలో శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, క్యాలెండర్లు అచ్చువేసే దుకాణాలు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. కడప నుంచి వచ్చి ఇరవయ్యేళ్లుగా ఈ ఊళ్లో బొమ్మలు వేసుకుంటూ, బడిపిల్లలకు చిత్రలేఖనం చెప్పుకుంటూ ఉన్న నా స్నేహితురాలి వెంట, 2025 వానాకాలంలో ఒక మధ్యాహ్నం అక్కడి దుకాణానికి వెళ్లాను. ఆమె చేతిసంచిలో ఒక పెన్‌డ్రైవ్ ఉంది. అందులో ఉన్నది లాహోరులో ఉండే ఒక చిత్రకారిణి ఈమెయిలులో పంపిన ఒకే ఒక్క ఫైలు. కంప్యూటరు ముందు కూర్చున్న మదనపల్లె కుర్రాడు దాన్ని తెరిచి పెద్దది చేశాడు. పాత ఇంటి గుమ్మాన్ని గీసిన ఆ బొమ్మ కింద వంపులు తిరిగిన ఉర్దూ అక్షరాలు కనిపించగానే, పక్క దుకాణంలో పుస్తకాలు కుట్టే పెద్దాయనను కేకేసి పిలిచాడు. ఆయన కళ్లద్దాలు సర్దుకుని చదివి, "ఇల్లు ఖాళీ, తలుపు మాత్రం వేయలేదు" అని ముందు దక్కనీలో, తర్వాత తెలుగులో చెప్పారు. ఇది ఎక్కడి నుంచి వచ్చిందని కుర్రాడు అడిగితే నా స్నేహితురాలు దాచకుండా చెప్పింది. అతను ఒక్క క్షణం ఆమె ముఖంలోకి, ఆ తర్వాత తెర మీదికి చూసి, "ఈ నీలం కాగితం మీద ఇట్ల రాదక్కా, కొంచెం సచ్చిపోతాది" అన్నాడు.

అతనన్న మాట వెనుక ఉన్న సంగతి అచ్చుపని చేసే ప్రతివాళ్లకూ తెలిసినదే. తెర రంగులను వెలుతురుతో చూపిస్తుంది, ప్రింటరు సిరాతో చూపిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులు కలిసి పుట్టించిన మెరుపును సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాలు పూర్తిగా అందుకోలేవు. లాహోరులో గీసిన బొమ్మ బెంగళూరులో కాగితమయ్యేసరికి కొంత మారుతుంది, ఎంత మారాలో ఇక్కడి యంత్రం, ఇక్కడి కాగితం, ఆ యంత్రం ముందు కూర్చున్న మనిషి నిర్ణయిస్తారు. ఇంటర్నెట్‌కు ఎల్లలు లేవని, డిజిటల్ కళ దేశాల మధ్య గోడలను కూల్చేసిందని తరచూ వినే మాటను ఈ చచ్చిన నీలం దగ్గర నిలబడి పరిశీలించడం మేలు. ఫైలు సరిహద్దు దాటుతున్న మాట నిజమే. అయితే అది ఎంత బరువుతో, ఏ దారిన, ఎవరి అనుమతి మీద దాటుతుందో, దాని వెనుక డబ్బు రాగలదో లేదో, గీసిన మనిషి రాగలదో లేదో తేల్చేవి ఇప్పటికీ రాజకీయాలే. దారి ఇరుకైన కొద్దీ బొమ్మ ఒదిగి వస్తుంది, ఆ ఒదిగిన తీరే దాని రూపమవుతుంది. సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర నుంచి లేచి వచ్చి బొమ్మ లోపల కూర్చుందని నేననేది అందుకే.

ఇంటర్నెట్ ఇళ్లకు చేరకముందు నుంచే ఈ కథ నడుస్తోంది. కెనడాలో పుట్టి వియన్నాలో స్థిరపడిన రాబర్ట్ ఏడ్రియన్ అనే కళాకారుడు, 1982 సెప్టెంబరు 27న ఆస్ట్రియాలోని లింజ్ నగరంలో ఆర్స్ ఎలక్ట్రానికా అనే ఎలక్ట్రానిక్ కళల ఉత్సవంలో భాగంగా, 24 గంటల పాటు సాగే పని ఒకటి తలపెట్టాడు. మూడు ఖండాల్లోని 16 నగరాల కళాకారులు ఫ్యాక్సు, కంప్యూటరు మెయిలు, స్లో-స్కాన్ టీవీ ద్వారా బొమ్మలు, మాటలు, శబ్దాలు ఇచ్చిపుచ్చుకున్నారు. ఒక్కో నగరంలో మిట్టమధ్యాహ్నమయ్యే వేళకు లింజ్ నుంచి అక్కడికి ఫోను వెళ్లేది, అంటే ఆ పని సూర్యుడి వెంట భూమిని చుట్టి వచ్చింది. స్లో-స్కాన్ టీవీ అంటే కదిలే బొమ్మలు వచ్చే టీవీ కాదు. మామూలు టెలిఫోను తీగ మీద ఒక నిశ్చలమైన నలుపు తెలుపు బొమ్మ గీత వెంట గీతగా దిగడానికి దాదాపు 8 సెకన్లు పట్టేది. 1984 జనవరి 1న వీడియో కళాకారుడు నామ్ జూన్ పైక్ న్యూయార్క్, పారిస్ నగరాలను ఉపగ్రహం ద్వారా కలిపి చేసిన ప్రసారం దీనికంటే ఎంతో పేరు పొందింది, కాని ఉపగ్రహం టీవీ సంస్థల సొత్తు, వాళ్లు తలుపు తీస్తేనే కళాకారుడు లోపలికి వెళ్లగలడు. ఎవరి ఇంట్లోనైనా ఉండగలిగే ఫోను తీగను ఏడ్రియన్ ఎంచుకోవడంలో పొదుపు కంటే ఎక్కువ ఆలోచన ఉందని నా నమ్మకం.

ఆ ఎంపిక విలువ మరుసటి ఏడాదే తెలిసివచ్చింది. 1983 ఏప్రిల్‌లో వియన్నా, బెర్లిన్, బుడాపెస్ట్ నగరాల కళాకారులు టెలిఫోను మీద ఒకరికొకరు సంగీతం వినిపించుకున్నారు. బుడాపెస్ట్ అప్పటికి ఇనుపతెరకు అవతల, కమ్యూనిస్టు దేశాల వైపున ఉంది. అక్కడ గ్యోర్గి గలాంతాయ్, యూలియా క్లనిత్సాయ్ 1979 నుంచి ఆర్ట్‌పూల్ అనే పేరుతో, ప్రభుత్వ ఆదరణ లేని కళకు సొంతంగా ఒక భాండాగారం నడుపుతున్నారు. వాళ్లు 1984లో పెట్టిన ఒక తపాలా కళా ప్రదర్శనను, అంటే టపాలో ఇచ్చిపుచ్చుకునే బొమ్మల ప్రదర్శనను, అధికారులు నిషేధించారు. అలాంటి చోట ఒక కళాకారుడి ఇంటికి ఫ్యాక్సు యంత్రమో కంప్యూటరు లింకో రావడం కల్ల, ఫోను మాత్రం ఉంది. ఫోను తీగ దాదాపు 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకు ఉండే ధ్వనినే మోసుకుపోతుంది కాబట్టి మద్దెల గుండెచప్పుడు లాంటి మంద్రమూ పోతుంది, తాళం చివర మిగిలే గలగలా పోతుంది. మన పెద్దవాళ్లు ట్రంకుకాల్‌లో విన్న బంధువుల గొంతు గుర్తుచేసుకుంటే చాలు, ఆ సంగీతం ఎలా వినిపించి ఉంటుందో తెలుస్తుంది. ఏ వాయిద్యం వాడాలో, ఏది వదులుకోవాలో ఆ తీగే చెప్పింది.

యుగోస్లావియా ముక్కలవుతున్నప్పుడు ఆ ఫోను కూడా తెగింది. జాగ్రెబ్, బెల్‌గ్రేడ్ నగరాల మధ్య దూరం 400 కిలోమీటర్లు కూడా ఉండదు, కాని యుద్ధం వల్ల క్రొయేషియాకు, సెర్బియాకు మధ్య నేరుగా ఫోను కలవని పరిస్థితి వచ్చింది. మూడో దేశానికి ఫోను కలుస్తుంది కదా అన్న ఒక్క ఆధారం మీద, 1992లో జామిర్ అనే కంప్యూటరు నెట్‌వర్కును శాంతి కార్యకర్తలు నిలబెట్టారు. జాగ్రెబ్‌లో రాసిన ఉత్తరం ఫోను తీగ మీద బయటి దేశంలోని కంప్యూటరుకు చేరేది, కొంతకాలానికి జర్మనీలోని బీలెఫెల్డ్ పట్టణం ఆ పనికి కూడలి అయ్యింది, అక్కడి నుంచి మళ్లీ బెల్‌గ్రేడ్‌కు దిగేది. ఇది కళ కోసం కట్టినది కాదు. కాని గోడ అడ్డొస్తే పక్కవాడి పెరటి గుండా వెళ్లవచ్చన్న బుద్ధి తర్వాతి కళాకారులకు ఇలాంటి వాటి నుంచే అలవడింది.

తొంభైల నడుమ స్లోవేనియా నగరం లుబ్లియానాలోని వుక్ చోసిచ్, మాస్కోలోని ఒలియా లియాలినా, అలెక్సీ షుల్గిన్, బ్రిటన్‌లోని హీత్ బంటింగ్, జోడీ పేరుతో పనిచేసే ఇద్దరు యూరోపియన్ కళాకారులు వెబ్‌పేజీనే కాన్వాసుగా తీసుకున్నారు. వాళ్లలో లియాలినా 1996లో చేసిన పని ఈ వ్యాసానికి దగ్గరిది: యుద్ధం నుంచి తిరిగొచ్చిన ప్రియుడికి, ఎదురుచూసిన అమ్మాయికి మధ్య తెగిపోతూ సాగే సంభాషణ అది. చదివేవారు ఒక్కో మాట మీద నొక్కుతూ పోతే బ్రౌజరు కిటికీ రెండుగా, నాలుగుగా, మరిన్ని గళ్లుగా చీలిపోతుంది. నలుపు తెలుపుల్లో చిన్న చిన్న బొమ్మలు, కొద్దిపాటి మాటలు తప్ప ఆ గళ్లలో ఏమీ ఉండవు. అంత పొదుపు ఎందుకో ఒక లెక్క చెబుతుంది. సుల్తాన్‌పేటలో మేము తెరిచిన బొమ్మ ఏ3 కాగితానికి, అంగుళానికి 300 చుక్కల చొప్పున, అడ్డం 3,508, నిలువు 4,961 చుక్కలు, కుదించకుండా దాచితే దాదాపు 52 మెగాబైట్లు. తొంభైల నాటి 28.8 కిలోబిట్ల మోడెమ్ మీద అది దిగడానికి, మధ్యలో లైను తెగకపోతే, నాలుగు గంటలు పట్టేది. లియాలినా బొమ్మలు చిన్నవి కాబట్టే మాస్కో దాటి ప్రపంచమంతా తిరిగాయి, తర్వాత ఎందరో కళాకారులు ఆ పనిని తమ పద్ధతిలో మళ్లీ మళ్లీ చేసి చూపించారు.

మన ఉపఖండానికి వస్తే, ముంబయికి చెందిన శిల్పా గుప్తా, పాకిస్తాన్‌కు చెందిన హుమా ముల్జీ 2000లో ఆర్-పార్ అనే పేరుతో రెండు దేశాల కళాకారుల మధ్య ఒక మార్పిడి మొదలుపెట్టారు. అటువైపు కళను ఇటు, ఇటువైపు కళను అటు, గ్యాలరీల్లో కాకుండా వీధుల్లో, దుకాణాల్లో పెట్టడం దాని తీరు. 2001 డిసెంబరులో పార్లమెంటు మీద దాడి జరిగాక, 2002 జనవరి 1 నుంచి రెండు దేశాల మధ్య రైలు, బస్సు, విమానాలు ఆగిపోయాయి. ఆ ఏడాది ఆర్-పార్‌లో బొమ్మలు ఈమెయిలు ఎక్కాయి. అటువైపు కళాకారుల పోస్టర్లు ఇక్కడ, ఇటువైపు వాళ్లవి అక్కడ అచ్చయి జనంలోకి వెళ్లాయి. కస్టమ్స్ వాళ్లు విప్పి చూడడానికి పెట్టె లేదు, ఆపడానికి లారీ లేదు. కాగితం ఊరిదే, సిరా ఊరిదే, బొమ్మ మాత్రం పొరుగుది. ఈ పద్ధతిని నేను చాలా గొప్పగా ఎంచుతాను, ఎందుకంటే ఇందులో సరిహద్దుకు అవతల ఉన్నవాళ్లు చూసి వెళ్లిపోయే ప్రేక్షకులు కారు. ప్లేటు చేయించాలి, కాగితం కొనాలి, గోడ మీద అంటించి, ఎవరైనా ప్రశ్నిస్తే జవాబు చెప్పుకోవాలి.

అయితే ఈమెయిలు ఒక్కటే ఈ పని చేసిందనుకుంటే పొరపాటు. ఢిల్లీలో 1997లో మొదలైన ఖోజ్, కరాచీలోని వస్ల్, ఢాకాలోని బ్రిటో, కొలంబోలోని తీర్థ వంటి కళాకారుల సంస్థలు వర్క్‌షాపుల పేరుతో మనుషులను ఒకచోట కూర్చోబెట్టి, కలిసి వండుకుని తిని, పోట్లాడుకుని విడిపోయే అవకాశం కల్పించాయి. నా స్నేహితురాలు లాహోరు చిత్రకారిణిని కలిసింది కూడా కొలంబోలో, రెండు వారాల పాటు జరిగిన ఒక వర్క్‌షాపులోనే. భారతీయులు, పాకిస్తానీలు చాలాసార్లు కలుసుకునేది మూడో దేశంలోనే కదా. తెర స్నేహాన్ని నిలబెట్టగలదు గానీ పుట్టించడం దానికి అంత సులువు కాదని నేను గమనించాను. వాళ్లిద్దరి పేర్లు ఇక్కడ ఎందుకు రాయడం లేదో పాఠకులకు విడమరచి చెప్పనక్కర్లేదు.

బొమ్మ కింద ఉన్న ఆ ఉర్దూ వాక్యం దగ్గర కొంచెంసేపు ఆగాలి. ఉర్దూ రాసే నస్తాలీఖ్ లిపిలో ప్రతి అక్షరమూ పక్క అక్షరాన్ని బట్టి రూపం మార్చుకుంటూ, కుడి నుంచి ఎడమకు ఏటవాలుగా కిందికి జారుతుంది. సీసపు అచ్చుల్లో దాన్ని సరిగా పోత పోయడం సాధ్యం కాక, ఉర్దూ పత్రికలను రాయసగాళ్లు చేత్తో రాస్తూ వచ్చారు. పాకిస్తాన్‌కు చెందిన మీర్జా అహ్మద్ జమీల్ వేల కొద్దీ అక్షర సంయోగాలను, దాదాపు 20,000 వరకు, చేతిరాతలో సిద్ధం చేసి, బ్రిటన్‌కు చెందిన మోనోటైప్ సంస్థతో కలిసి నూరీ నస్తాలీఖ్ అనే కంప్యూటరు లిపిని తయారు చేశారు. 1981లో పాకిస్తాన్‌లోని జంగ్ పత్రిక దాన్ని వాడడం మొదలుపెట్టింది. 1994లో ఢిల్లీకి చెందిన కాన్సెప్ట్ సాఫ్ట్‌వేర్ అనే సంస్థ అదే లిపిని తీసుకుని ఇన్‌పేజ్ అనే డీటీపీ సాఫ్ట్‌వేరు చేసింది, పాకిస్తాన్ పత్రికలు, పుస్తక ప్రచురణకర్తలు విరివిగా వాడింది దాన్నే. పాకిస్తాన్ వాడి చేతిరాత, ఇంగ్లండు యంత్రం, ఢిల్లీ సాఫ్ట్‌వేరు కలిసి కరాచీలో పొద్దున్నే వాకిట్లో పడే పత్రిక అయ్యింది. సరిహద్దులు దాటిన డిజిటల్ కళ గురించి రాసేవాళ్లు ప్రదర్శనశాలల చుట్టూ తిరుగుతారు గానీ, కోట్లమంది రోజూ చదివిన ఈ అక్షరాలను లెక్కలోకి తీసుకోరు.

తెలుగు అక్షరం కథ మరో రకం. మా స్నేహితురాలు లాహోరుకు పంపిన జవాబు బొమ్మలో ఒక తెలుగు వాక్యం ఉంది. మన డీటీపీ కేంద్రాల్లో వాడే అను ఫాంటుతో దాన్ని కట్టించింది. లాహోరులో ఫైలు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, చిత్రమైన గుర్తులు కలగాపులగంగా కనిపించాయి, ఎందుకంటే ఆ పాత పద్ధతిలో తెలుగు అక్షరాలు రోమన్ అక్షరాల స్థానాల్లో అద్దెకు ఉంటాయి, ఫాంటు లేని కంప్యూటరులో అద్దెదారు మాయమై ఇంటి యజమాని బయటపడతాడు. ప్రపంచ భాషల అక్షరాలకు కంప్యూటరులో స్థానాలు కేటాయించే యూనికోడ్ పద్ధతి 1991లో తన తొలి రూపంలోనే తెలుగుకు సొంత స్థానాలిచ్చింది, అయినా మన అచ్చు ప్రపంచం చాలాకాలం పాత ఇంట్లోనే ఉండిపోయింది. చివరికి సుల్తాన్‌పేట కుర్రాడే అక్షరాలను కర్వ్స్ చేసి ఇచ్చాడు. అంటే అవి ఇక అక్షరాలు కావు, గీతలు. ఎక్కడైనా కనిపిస్తాయి, ఎక్కడా దిద్దుకోవడానికి వీలుండదు. ఇప్పుడు వెబ్‌లో ఉచితంగా దొరికే టీరో తెలుగు అనే అందమైన యూనికోడ్ లిపి కెనడాకు చెందిన ఒక చిన్న లిపి సంస్థ చేసినదని, మూర్తి క్లాసికల్ లైబ్రరీ పుస్తకాల కోసం మొదలైన పనిలో నుంచి వచ్చిందని తెలిస్తే, ఆ గ్రంథమాలకు నిధి ఇచ్చినది బెంగళూరు కుటుంబమేనని గుర్తొస్తే, మన అక్షరం కూడా తక్కువ దేశాలు తిరగలేదని ఒప్పుకోవాలి.

ఇక విశాలమైన దారుల సంగతి. ఇవాళ చిత్రకారులు తమ పనిని చూపించుకునేది చాలావరకు ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ వంటి వేదికల మీద. ఇవి రాజమార్గాలు, అందుకే గేటు పెట్టడమూ సులువు. భారత ప్రభుత్వం 2020 జూన్ 29న టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించింది. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత పాకిస్తాన్‌కు చెందిన పలు యూట్యూబ్ ఛానళ్లు, ప్రముఖుల ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలు భారతదేశంలో కనిపించకుండా పోయాయి. మే 8న పాకిస్తాన్‌లో తయారైన వినోద కార్యక్రమాలను ఆపివేయమని ఓటీటీ వేదికలకు సూచన వెళ్లింది. అటువైపు చూస్తే పాకిస్తాన్ 2012 నుంచి 2016 జనవరి వరకు యూట్యూబ్‌ను, 2024 ఫిబ్రవరి నుంచి ఏడాదికి పైగా ఎక్స్‌ను మూసి ఉంచింది. మన దేశం లోపలే కశ్మీరులో 2019 ఆగస్టులో ఆగిన 4జీ ఇంటర్నెట్ 2021 ఫిబ్రవరి దాకా తిరిగి రాలేదు, అక్కడి చిత్రకారుడికి బెంగళూరు కూడా పరాయి దేశమంత దూరమైంది. ఐటీ చట్టం సెక్షన్ 69ఎ కింద జారీ అయ్యే ఆదేశాలను నియమాల ప్రకారం గోప్యంగా ఉంచుతారు కాబట్టి, తన పని ఎందుకు కనిపించడం లేదో కళాకారుడికి చాలాసార్లు కారణం చేరదు. పాత కాలపు నిషేధానికి కనీసం ఒక ముద్ర, ఒక సంతకం ఉండేవి. ఇప్పుడు పేజీ రాదు, అంతే.

ప్రభుత్వాలు నేరుగా ఆపకపోయినా కంపెనీలు ఆపుతాయి. అమెరికా ఆంక్షలను పాటించడంలో భాగంగా, కోడ్ దాచుకుని పంచుకునే గిట్‌హబ్ అనే వేదిక 2019 జులైలో ఇరాన్, సిరియా, క్రిమియాల వాడకందార్ల ఖాతాలను పరిమితం చేసింది, ఇరాన్ వాళ్లకు 2021 జనవరిలో గాని తిరిగి తలుపు తెరవలేదు. కోడ్‌తో బొమ్మలు చేసే కళాకారులకు అదే పనిముట్ల గది. 2019 అక్టోబరులో ఫోటోషాప్ తయారుచేసే అడోబీ సంస్థ వెనెజులాలోని ఖాతాలను మూసేస్తున్నట్టు ప్రకటించి, ఆ తర్వాత అనుమతి తెచ్చుకుని ఆ నెలలోనే వెనక్కి తగ్గింది. నెలనెలా అద్దె కట్టి వాడుకునే సాఫ్ట్‌వేరులో ఉన్న చిక్కు ఇదే: కుంచె మన చేతిలోనే ఉంటుంది, దాని తాళం ఇంకో దేశంలో ఉంటుంది. అందుకే బ్లెండర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరుకు రాజకీయపరమైన విలువ కూడా ఉంది. దాని మూలకోడ్‌ను 2002లో ప్రజల చందాలు, 1,00,000 యూరోలు, ఏడు వారాల్లో పోగుచేసి విడిపించారు. లాత్వియా, ఫ్రాన్స్, బెల్జియం దేశాలవారు కలిసి దానితో చేసిన యానిమేషన్ చిత్రానికి 2025లో ఆస్కార్ వచ్చింది.

డబ్బు విషయంలో సరిహద్దు మరింత గట్టిది. పాకిస్తాన్‌లో పేపాల్ సేవలు లేవు. ఇక్కడ ఉన్నాయి, విదేశాల నుంచి వచ్చే డబ్బు తీసుకోవచ్చు, 2021 ఏప్రిల్ నుంచి దేశం లోపలి చెల్లింపులకు మాత్రం అది పనిచేయదు. ఒకసారి జర్మనీ నుంచి ఒక చిన్న బొమ్మకు 300 యూరోలు వచ్చినప్పుడు నా స్నేహితురాలిని బ్యాంకువాళ్లు ఇది ఏ పని కోసం వచ్చిన సొమ్మని అడిగారు. విదేశీ చెల్లింపుకు రిజర్వు బ్యాంకు నిర్ణయించిన పర్పస్ కోడ్ ఒకటి రాయాలి. సాఫ్ట్‌వేరా, కన్సల్టెన్సీయా, డిజైనా అని పట్టిక ముందు పెట్టారు. "బొమ్మండీ" అంటే "వస్తువు పంపారా మేడమ్, బిల్లు ఉందా" అని అడిగారు. వస్తువు లేదు, ఫైలు పంపింది. అరగంట తర్జనభర్జన తర్వాత ఏదో ఒక గడిలో పడ్డారు. ఆ అరగంట ఎవరి తప్పూ కాదు, పట్టిక రాసినవాళ్లకు ఆమె లాంటి మనిషి తట్టలేదంతే.

ఈ బెడద పోతుందని ఎన్‌ఎఫ్‌టీల కాలంలో చాలామంది ఆశపడ్డారు. డిజిటల్ బొమ్మ ఎవరిదో బ్లాక్‌చెయిన్ అనే ఉమ్మడి కంప్యూటరు ఖాతాపుస్తకంలో నమోదుచేసే పత్రాలే ఎన్‌ఎఫ్‌టీలు. 2021 మార్చిలో బీపుల్ అనే అమెరికన్ చిత్రకారుడి డిజిటల్ బొమ్మ క్రిస్టీస్ వేలంలో 6.93 కోట్ల డాలర్లు పలికింది. కొన్నది తమిళనాడు నుంచి వెళ్లి సింగపూర్‌లో ఉంటున్న విఘ్నేశ్ సుందరేశన్ అని తెలిసినప్పుడు చెన్నైలో, బెంగళూరులో కళాకారుల గుంపుల్లో ఎంత సందడి జరిగిందో నాకు గుర్తుంది. మనవాడు పోషకుడి కుర్చీలో కూర్చున్నాడన్న సంబరం అది. ఏడాది తిరిగేసరికి రెండు విషయాలు బయటపడ్డాయి. 2022 మార్చిలో ఓపెన్‌సీ అనే అతిపెద్ద ఎన్‌ఎఫ్‌టీ బజారు ఆంక్షల పేరుతో ఇరాన్ కళాకారుల ఖాతాలను మూసింది. బ్లాక్‌చెయిన్‌కు దేశం లేకపోవచ్చు, దాన్ని చూపించి అమ్మే దుకాణానికి మాత్రం దేశముందని అప్పుడర్థమైంది. ఇక్కడ 2022 ఏప్రిల్ నుంచి అలాంటి ఆస్తుల లాభం మీద 30 శాతం పన్ను, జులై నుంచి లావాదేవీ మీద 1 శాతం టీడీఎస్ వచ్చి పడ్డాయి.

బెంగళూరు నుంచి దేశాలు దాటి వెళ్లే డిజిటల్ కళలో అతిపెద్ద వాటా గురించి కళా వ్యాసాలు దాదాపు మాట్లాడవు. అది సినిమాలకు చేసే విజువల్ ఎఫెక్ట్స్ పని. గుంటూరు నుంచో విజయనగరం నుంచో వచ్చి, రాత్రి షిఫ్టుల్లో కూర్చుని, ఫ్రేము తర్వాత ఫ్రేములో తీగలు చెరిపి, నేపథ్యాలు అతికించి, లండన్‌కో మాంట్రియల్‌కో పంపే వేలమంది యువకులున్నారు. ఏ సినిమాకు చేస్తున్నారో ఇంట్లో కూడా చెప్పకూడదని ఒప్పందం ఉంటుంది, చివర్లో పరుగెత్తే పేర్లలో తమ పేరుంటే అదృష్టం. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ సంస్థ కూలిపోయి బెంగళూరు, ముంబయి స్టూడియోలు మూతపడినప్పుడు, పారిస్‌లో తీసుకున్న నిర్ణయం మన కుర్రాళ్ల జీతం మీద ఒక్క రోజులో వచ్చి పడింది. ఫైలు సరిహద్దు దాటడానికి ఇక్కడ ఏ అడ్డూ లేదు, సంకోచమూ లేదు. దాటనిది గీసినవాడి పేరు. రెండు దేశాల కళాకారుల ఈమెయిలు మార్పిడిని సరిహద్దులు లేని కళ అని పొగిడేటప్పుడు, దానికంటే లక్షల రెట్లు ఎక్కువగా సాగే ఈ రవాణాను కూడా అదే తూనికలో పెట్టకపోతే లెక్క తప్పుతుంది.

ఇదే నగరం ఇంకో రకమైన పని కూడా చేసింది. ఇక్కడి ఆల్టర్నేటివ్ లా ఫోరమ్ అనే న్యాయవాదుల బృందం, ముంబయికి చెందిన క్యాంప్ అనే కళాకారుల బృందం, బెర్లిన్‌లోని ప్రోగ్రామర్లు, మరికొన్ని సంస్థలు కలిసి 2008లో పాడ్-మా అనే వీడియో భాండాగారం తెరిచారు. పూర్తయిన సినిమాలు కాకుండా, తీసి వాడకుండా వదిలేసిన ఫుటేజీ అందులో ఉంటుంది. ప్రతి క్షణానికీ పక్కన వ్యాఖ్య రాయవచ్చు. ఒకరు పారేసిన దృశ్యం ఇంకో దేశంలో ఇంకొకరికి ముడిసరుకు అవుతుంది.

ఫైలు దాటితే వస్తువు దాటినట్టేనా అన్న ప్రశ్న తెలుగువాళ్లకు మరీ దగ్గరిది. అమరావతి స్తూపం రాళ్లలో పెద్ద భాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో, దాదాపు 120 లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, 1859లో ఓడెక్కినవి తిరిగి రాలేదు. ఇరాక్‌లోని మోసుల్ మ్యూజియంలో, హత్రాలో ఐసిస్ ధ్వంసం చేసిన శిల్పాల్లో పన్నెండింటిని ఇరాన్‌లో పుట్టి అమెరికాలో ఉంటున్న మోరెహ్‌షిన్ అల్లాహ్యారీ 2015-16లో త్రీడీ ప్రింటులో పునర్నిర్మించినప్పుడు, పారదర్శకమైన ఆ బొమ్మల కడుపులో మెమరీ కార్డులు పెట్టి, వాటిలో తాను సేకరించిన సమాచారమంతా దాచింది. ధనిక దేశాల సంస్థలు స్కాన్ తీసి, ఆ స్కాన్ తమదేనని హక్కులు రాసుకోవడాన్ని ఆమె డిజిటల్ వలసవాదమని విమర్శించింది. అమరావతి రాళ్లను ఎవరైనా తెర మీద ఒకచోట చేర్చవచ్చు, చేర్చాలి కూడా, అయితే ఆ ఫైలు ఎవరి సర్వరులో ఉంటుందన్నది రాయి ఎవరి గదిలో ఉందన్నంత పాత తగాదా అవుతుంది.

హక్కుల విషయంలో, ఆశ్చర్యంగా, చట్టం కళాకారుల వైపే ఉంది. భారత్, పాకిస్తాన్ రెండూ ఒకరి కాపీరైటును ఇంకొకరు గౌరవించే బెర్న్ ఒడంబడికలో ఉన్నాయి కాబట్టి లాహోరులో గీసిన బొమ్మకు బెంగళూరులోనూ కాపీరైటు ఉంటుంది. మన 1957 కాపీరైటు చట్టంలోని సెక్షన్ 57 ప్రకారం గీసిన మనిషి తన పేరు చెప్పుకునే హక్కు, బొమ్మను వక్రీకరించకుండా అడ్డుకునే హక్కు అమ్మకం తర్వాత కూడా మిగులుతాయి. రెండు దేశాలు యుద్ధం అంచున ఉన్నప్పుడు కూడా ఆ కాగితం చెల్లుతుంది. అచ్చుకు అనుమతి రాతపూర్వకంగా ఉండాలి కాబట్టి నా స్నేహితురాలు ఈమెయిలుతో పాటు ఒక చిన్న ఒప్పందం కూడా రాయించుకుంది: 15 ప్రతులు, అమ్మకం లేదు, నీలం ఎంత తగ్గినా సరే, అక్షరాలు కత్తిరించకూడదు. డబ్బు మార్చుకునే దారి లేదు కనుక వస్తుమార్పిడే గతి; ఆమె బొమ్మ అక్కడ 15 ప్రతులు, ఆవిడ బొమ్మ ఇక్కడ 15 ప్రతులు.

సుల్తాన్‌పేట కుర్రాడు రెండు నమూనాలు తీసి, నీలానికి కొంచెం మెజెంటా తగ్గించి, మూడోది బాగుందన్నాడు. 15 అయ్యాక ఇంకొకటి తీసి పక్కన పెట్టుకోవచ్చా అని అడిగితే, ఒప్పందంలో లేదని ఆమె నవ్వుతూ కాదంది. అచ్చుచిత్రాలకు ఒక ఆచారముంది: కింది అంచున ఎడమ పక్క ప్రతి సంఖ్య, కుడి పక్క చిత్రకారిణి సంతకం, రెండూ పెన్సిలుతో ఉండాలి. సంఖ్యలు నా స్నేహితురాలే వేసింది. సంతకానికి ప్రతులు లాహోరు వెళ్లి రావాలి, పాకిస్తాన్ నుంచి వచ్చే టపాను, పార్సిళ్లను 2025 మే 3న మన ప్రభుత్వం ఆపేసింది. సంతకాన్ని స్కాన్ చేసి పంపుతానని ఆవిడ అంది, ఈమె వద్దంది. ఇప్పుడా 15 ప్రతులు గొట్టంలా చుట్టి, పాత చీరముక్కలో కట్టి, యలహంకలోని వాళ్లింట్లో బీరువా మీద ఉన్నాయి, కుడి పక్క అంచు ఖాళీగా వదిలేసి.